గడప దించిన ఇల్లు

కాళ్లు పనిచేయని వాళ్లు ఎవరైనా కిరాయికి గది చూసుకోవడానికి వెళ్తే ముందు చూడాల్సింది కిటికీ కాదు, నీళ్ల పంపు కూడా కాదు. గడప చూసుకోండి. ఎంత ఎత్తుందో చూడండి. దాని మీద పసుపు ఉందో లేదో చూడండి. ఎత్తు గడపైనా ఎలాగో ఒకలా దాటొచ్చు. పసుపు రాసిన ఎత్తు గడపైతే మాత్రం ఇంటావిడతో ముందే మాట్లాడుకోండి. నేను మాట్లాడుకోలేదు. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

నా పేరు ఎస్తేరు. దమ్మపేటలో బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఎస్టీడీ బూత్ నడుపుతున్నాను. ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది. జబ్బు పోయింది, పోతూ కాళ్లను తీసుకుపోయింది. ఎవరైనా పలకరిస్తే నవ్వుతాను గానీ జాలిపడితే మాత్రం ఊరుకోను. మా అమ్మ బతికున్న రోజుల్లో, నా నోటికి తాళం వేసే మొగుడు రావాలి అనేది. మొగుడు రాలేదు, జబ్బు వచ్చింది. తాళం మాత్రం పడలేదు.

ఎనభై మూడు, ఎండాకాలం

మాది ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక చిన్న ఊరు. పదో తరగతి అయ్యాక పక్క గూడెంలో బాలవాడి టీచరుగా చేరాను. పిల్లలకు కోయ భాష వచ్చు, నాకు తెలుగు వచ్చు. ఇద్దరికీ వచ్చింది పాటలే. అడవిలో కాలిబాటన నడిచి వెళ్లి, ఎండ చల్లబడ్డాక నడిచి వచ్చేదాన్ని. నడవడం నాకు ఇష్టమని అప్పుడు తెలియదు. అదొక పని అనుకునేదాన్ని.

నడుము నొప్పి చలికాలం నుంచీ ఉంది. నీళ్లు చేది పట్టేసిందనుకున్నాను. ఊళ్లో సూదులు వేసే ఆయన వాతం అన్నాడు. సూది వేసినప్పుడల్లా రెండు రోజులు హాయిగా ఉండేది, మళ్లీ మామూలే.

బీడీలు చుట్టే తునికాకు కోతలు మొదలయ్యాయి. పెద్దవాళ్లంతా ఆకుకు పోతే పిల్లలు తెల్లారేసరికే బాలవాడికి వచ్చి కూర్చునేవాళ్లు. ఒకరోజు గబగబా నడిచి వెళ్లి, చెప్పులు విడుద్దామని చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అన్న ఆ చెప్పు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. మా అన్న యాకోబు కలప డిపోలో హమాలీ. అమ్మానాన్నలు పోయాక నాకున్నది అన్న, వదిన మరియమ్మ, అంతే.

"తొవ్వల దొరికింది. నీదేనా?" అన్నాడు.

"అవ్, నాదే."

"గింత ఎండల ఒట్టి కాలుతోని పోయినవా? కాలలేదానే?"

కాలలేదు అన్నాను. అన్న నన్ను అరుగు మీద కూర్చోబెట్టి పాదం పైకెత్తి చూశాడు. అరికాలి నిండా బొబ్బలు. ఒకటి చితికి రసి కారుతోంది. నాకేమీ తెలియడం లేదు. అన్న బొబ్బ మీద వేలితో నొక్కి నా ముఖం చూశాడు. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి భయమేసింది.

ఆ వానాకాలం

వానలు పడేసరికి రెండు కాళ్లూ పోయాయి. ఒకరోజు నిలబడ్డాను, మర్నాడు నిలబడలేకపోయాను. అంతకంటే దాన్ని గురించి చెప్పడానికి ఏమీ లేదు. అన్న నన్ను వీపు మీద వేసుకుని బురదలో బస్సు రోడ్డుదాకా నడిచాడు. లారీలకు దుంగలెత్తే మనిషి, నేనొక లెక్క కాదు. దారిలో ఒక్కసారి కూడా దించలేదు. ఆయన మెడ మీద చెమట, వాన కలిసి నా బుగ్గకు అంటుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

ఖమ్మం దవాఖానా వరండాలో చాలాసేపు కూర్చున్నాం. కూర్చున్నాం అంటే అన్న కూర్చున్నాడు, నేను ఆయన తువ్వాలు మీద పడుకున్నాను. పడుకున్న మనిషికి దవాఖానా అంటే కాళ్లే. చెప్పుల కాళ్లు, మట్టి కాళ్లు, పట్టీలు పెట్టుకున్న చిన్న కాళ్లు. అన్నీ నడుస్తున్నాయి. వాటిని చూసి నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

డాక్టరు వెన్నుపూసకు టీబీ పట్టిందని చెప్పారు. మందులు సరిగ్గా వాడితే జబ్బు తగ్గుతుందన్నారు.

"కాళ్లు సారూ?" అని అడిగాడు అన్న.

"చూద్దాం," అన్నారు.

ఆ మాటను పట్టుకుని నేను చాలా రోజులు బతికాను. చెక్క వేసిన మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కదలకూడదు. పైకప్పు తప్ప ఏమీ కనిపించదు. అన్న పనిమానుకుని ఎంతకాలం ఉంటాడు? ఊరికి పోయి వస్తూ ఉండేవాడు. ఆయన లేని రోజుల్లో పక్క మంచం ముసలమ్మే నాకు దిక్కు. ఆమెది చర్ల వైపు అడవిలో ఏదో ఊరు. తెలుగు సరిగా రాదు. ఒక తాటాకు విసనకర్ర ఉండేది ఆమెకు. తనకు కాసేపు విసురుకుని, చెయ్యి చాపి నాకు కాసేపు విసిరేది. నేను వద్దంటే వినేది కాదు. ఒకరోజు కళ్లు తెరిచేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. ఇంటికి పోయిందా, మొత్తానికే పోయిందా అని నర్సును అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. విసనకర్ర మాత్రం నా దిండు పక్కన ఉంది.

ఎనభై అయిదు, ఇంట్లో

జబ్బు తగ్గిందని పంపించారు. కుడి కాలు కొంచెం కదిలేది. ఎడమది అసలు కదిలేది కాదు. చర్చివాళ్లు మొదట్లో ఆదివారం ఆదివారం వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. కొన్నాళ్లకు నెలకోసారి వచ్చారు. తర్వాత పండక్కి వచ్చారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరి పనులు వాళ్లకుంటాయి. అయినా ఆదివారం పాట వినిపిస్తే నాకు కడుపులో మండేది.

వెనక గదిలో ఉంచారు నన్ను. ఆ గదికి మూరెడు ఎత్తు గడప. వాన నీళ్లు రాకుండా, పాములు రాకుండా మా నాన్న పెట్టించినది. నేను గడప ఇవతల, దొడ్డి గడప అవతల. పొద్దున డిపోకు పోయే ముందు అన్న నన్నెత్తి దొడ్డిలోకి తీసుకుపోయేవాడు. సాయంత్రం వచ్చాక మళ్లీ. మధ్యలో వదిన ఒక్కతే ఉండేది. సన్నటి మనిషి. నన్ను ఎత్తబోయి ఒకసారి నడుము పట్టేసుకుంది. పాపం ఒక్క మాట అనలేదు. అననందుకే నేనింక ఆమెను పిలవలేకపోయాను.

అందుకని నీళ్లు తాగడం మానేశాను. ఇది సిగ్గు విషయమే గానీ నాలాంటి ఆడవాళ్లు చదువుతారేమోనని చెబుతున్నాను. పొద్దున ఒక గుక్క, అన్నంతో ఒక గుక్క. వేసవిలో కూడా అంతే. పెదాలు పగిలేవి, కళ్లు తిరిగేవి. పక్కనే కుండ ఉండేది. వదిన రోజూ నింపి పెట్టేది, రోజూ నిండుగానే తీసుకుపోయేది. చూసిందో లేదో నాకు తెలియదు. మీరు మాత్రం అలా చేయకండి. తర్వాత మూత్రపిండాలకు వచ్చిన బాధతో నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

ఆ గదిలో నాకు ఎవరూ లేరనిపించేది. అందరూ ఇంట్లోనే ఉన్నారు, గోడ అవతల మాట్లాడుకుంటున్నారు, అయినా ఎవరూ లేరు. ఊళ్లో అందరి ఇళ్లూ నాకు తెలుసు. ఒక్క ఇంటికీ నేను పోలేను. నన్ను చూడటానికి వచ్చిన వాళ్లు గడప దగ్గరే నిలబడి, "ఎట్లున్నవే?" అని అడిగి, "మంచిగనే ఉన్న" అనగానే వెళ్లిపోయేవాళ్లు.

ఎనభై ఎనిమిది, గోదావరి అవతల

భద్రాచలం వైపు చర్చివాళ్లే నడిపే ఒక కేంద్రం ఉందని, మా లాంటి ఆడవాళ్లకు అక్కడ పని నేర్పుతారని పాస్టరు గారు చెప్పారు. అన్న అడిగినవాళ్లనల్లా అడిగి, బూర్గంపాడు మీదుగా వంతెన దాటించి నన్ను అక్కడ దింపాడు. దించి, గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తూ నిలబడ్డాడు. పో అన్నా అని చేత్తో సైగ చేశాను. పోయాడు.

అక్కడ గడపలు లేవు. ఏ గదికీ లేవు. తలుపుల కింద నున్నటి గచ్చు, మెట్లుండాల్సిన చోట వాలుగా పోసిన సిమెంటు. నేను చేతుల మీద జరుగుతూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయాను, అక్కడి నుంచి వరండాలోకి, వరండాలోంచి బాత్రూంలోకి. ఎవరినీ పిలవలేదు. తిరిగొచ్చి చెంబుడు నీళ్లు తాగాను. ఇంకో చెంబుడు తాగాను. అక్కడ వార్డెను సిస్టరమ్మ చూసి, "మెల్లగా తాగమ్మా, ఎక్కడికీ పోవు నీళ్లు," అని నవ్వారు.

కుట్టుపని నేర్చుకున్నాను. మంచం మీదికి, మంచం నుంచి బండి మీదికి ఎలా మారాలో నేర్చుకున్నాను. చేతితో తిప్పే మూడు చక్రాల బండి ప్రభుత్వం ఇచ్చింది. స్పర్శ లేని కాళ్లను రోజూ అద్దం పెట్టి చూసుకోవాలని సిస్టరమ్మ చెప్పి చెప్పి విసిగించారు. ఎక్కడ గీసుకుపోయినా మాకు తెలియదు కదా. నాకు చెప్పు కథ గుర్తుకు వచ్చేది.

కానీ అదీ ఇల్లు కాదు. నేర్చుకోవడం అయిపోతే వెళ్లిపోవాలి, బయట ఎంతోమంది ఎదురుచూస్తుంటారు. మా గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. ఒక్కొక్కరే పని నేర్చుకుని, ఒక్కొక్కరే ఎవరో ఒకరి వెనక గదిలోకి తిరిగి వెళ్లిపోయారు. మిషను కుట్టడం వచ్చినా మిషను దాకా పోనివ్వని ఇళ్లు అవి. మాకు పని నేర్పేవాళ్లు దొరికారు, బండి ఇచ్చేవాళ్లు దొరికారు, ఉండటానికి చోటు చూపించేవాళ్లు మాత్రం దొరకలేదు. అన్నదమ్ముల ఇల్లు, లేకపోతే అనాథాశ్రమం. మధ్యలో ఏమీ లేదు.

సిస్టరమ్మే టెలిఫోను బూత్ సంగతి చెప్పారు. వికలాంగులకు ఇస్తారట. కాగితాలు పట్టుకుని వెళ్తే ఆఫీసు మేడ మీద ఉంది. నేను కింద బండిలో కూర్చుని పైకి చూస్తుంటే, ఒక ఆఫీసరు తనే దిగొచ్చి మెట్ల కింద నీడలో నా పక్కన గొంతుక్కూర్చుని అన్నీ రాయించుకున్నారు. ఆయన మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు. నాకు దమ్మపేటలో బూత్ వచ్చింది.

తొంభై, అన్నతో మాట

ఈ మాట చెప్పడానికి ఇంటికి వెళ్లాను. దమ్మపేటలో గది తీసుకుని ఒక్కదాన్నే ఉంటానన్నాను. అన్న అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపాడు.

"ఒక్కదానివి ఉంటవా? నేను సచ్చిననా?"

"నువ్వు ఉన్నవ్ అన్నా. నీకెందుకు బరువు..."

"బరువని నేనన్ననా? మీ వదినె అన్నదా? ఎవలన్నరో చెప్పు. నలుగురు నన్నేమంటరు? చెల్లెను బయట పడేసిండు అంటరు."

నేను నెమ్మదిగానే చెప్పాలనుకున్నాను. వదిన కూడా కళ్లతో సైగ చేసింది. కానీ నలుగురు అనే మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఆ నలుగురిలో ఒక్కరూ నా గడప దాటి లోపలికి వచ్చిన పాపాన పోలేదు.

"నీ ఇంట్ల నేను కడుపు నిండ నీళ్లు తాగి ఎన్ని ఏండ్లయిందో తెలుసా అన్నా?" అన్నాను.

అన్నకు మొదట అర్థం కాలేదు. వదినకు అయింది. ఆమె లేచి అవతలికి వెళ్లిపోయింది. తర్వాత అన్నకూ అర్థమైంది. ఆయన ముఖం నేను అంతవరకూ ఎప్పుడూ అలా చూడలేదు. దవాఖానాలో కూడా చూడలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"మంచిది. పో. ఏడనన్న ఉండు. నా పానం ఉండంగ నీ గడప తొక్కను," అన్నాడు.

మా వాళ్లు కోపమొస్తే అనే మాటే అది. వారం తిరిగేసరికి మరిచిపోతారు. మా అన్న మరిచిపోయే మనిషి కాదు. చర్చిలో ఒట్టు పెట్టుకోడు గానీ నోటితో అన్నదాన్ని తప్పడు. నేనన్నది తప్పని నేనూ అనుకోలేదు. అది నిజం. మర్నాడు బస్సు దగ్గరికి నా బండిని వదిన తోసుకుంటూ వచ్చింది.

తొంభై, తొంభై ఒకటి, రాఘవమ్మ గారి ఇల్లు

దమ్మపేటలో గది దొరకడం అంత తేలిక కాలేదు. ఒకరు మీరేంట్లు అని కులం అడిగి, చెప్పాక లోపలికి పోయి రాలేదు. ఒకరు ఒంటరి ఆడమనిషికి ఇవ్వమన్నారు. ఇంకొకాయన మేడ మీద గది చూపిస్తానన్నాడు, నా బండి కళ్లెదురుగా పెట్టుకుని. చివరికి రాఘవమ్మ గారు ఇచ్చారు. ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం వాళ్లది. భర్త పోయారు, కొడుకు సత్తుపల్లిలో వ్యాపారం. రోడ్డు వైపు విత్తనాలు దాచే గది ఒకటి ఖాళీగా ఉంటే నాకిచ్చారు. వెనక వైపు బాత్రూంకు మెట్టు లేదు. నేను అది చూసి మురిసిపోయాను. ముందు వైపు గడప చూసుకోలేదు.

టేకు గడప. ఎత్తు ఎక్కువ లేదు గానీ నాకు ఎక్కువే. బండి బయట పెట్టి, కింద రాయి మీదికి దిగి, గడప మీద కూర్చుని, కాళ్లను చేత్తో ఒక్కొక్కటే ఎత్తి లోపల పెట్టుకుని, అప్పుడు దిగేదాన్ని. వేరే దారి లేదు. శుక్రవారం శుక్రవారం రాఘవమ్మ గారు దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవారు. నేను ఆ బొట్ల మీదే కూర్చునేదాన్ని. మేము చర్చికి పోయేవాళ్లమే అయినా గడప మీద కూర్చోకూడదని మా అమ్మా చెప్పేది. తెలియక కాదు.

కొన్నాళ్లు చూసి ఆమె అడిగారు.

"ఎస్తేరమ్మా, గడప మీద కూర్చోకూడదమ్మా. లక్ష్మీదేవి ఉండే చోటు."

"కూర్చుంట లేనమ్మగారూ. దాటుతున్న."

"కూర్చునే కదా దాటుతున్నావు?"

"నిలబడి దాటే ఉపాయం ఉంటే చెప్పుండ్రి, గట్లనే దాటుత."

ఆమె లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజుల్లోనే ఆమె గేదె చూడి కట్టలేదు. పోయిన ఏడు కట్టిందట, ఈసారి రెండుసార్లు దున్న దగ్గరికి తీసుకుపోయినా లేదు. నేను వచ్చాకే అని పక్కింటివాళ్లు ఆమెకు చెప్పారు. ఒకరోజు బూత్ దగ్గరికే వచ్చి, "నీ మీద నాకేం కోపం లేదమ్మా. నెలాఖరుకి ఇంకో చోటు చూసుకో," అన్నారు. మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఇంకో చోటు లేదు. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. లేదంటే తిరిగి వెనక గదే. నిండుగా వచ్చి నిండుగా పోయే కుండే. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా గొంతు ఎండిపోయేది. అడుక్కోవడం నాకు చేతకాదు. పోట్లాడితే పని కాదు. అందుకని నేనొక పిచ్చి ఉపాయం చేశాను. గడప మీద కూర్చోకుండా దాటడం నేర్చుకున్నాను. రాయి మీద నుంచి రెండు చేతులూ లోపలి గచ్చు మీద ఆనించి, ఒళ్లంతా ఒక్క ఊపున లోపలికి ఈడ్చుకునేదాన్ని. గడప మీద ఒళ్లు రాసుకుంటూ పోయేది గానీ కూర్చోవడం మాత్రం లేదు. ఆమె చూడాలని కూడా నాకు ఉండేది.

ఆ వారమంతా అద్దం పెట్టి చూసుకోలేదు. సిస్టరమ్మ మాట మరిచిపోయాను. శుక్రవారం పొద్దున రాఘవమ్మ గారు పసుపు గిన్నెతో వచ్చి గడప ముందు వంగి, అలాగే ఆగిపోయారు.

"అమ్మాయ్, ఈ రక్తం ఎవరిది?"

"నాకు తెలవదమ్మగారూ," అన్నాను. అబద్ధం కాదు. గడప మీద, అక్కడి నుంచి నా చాపదాకా, గచ్చు మీద ఎండిన చారలున్నాయి. ఆమె లోపలికి వచ్చి నా చీర పక్కకు తీశారు. ఎడమ తొడ వెనక జానెడు పొడవున చీరుకుపోయి ఉంది. గడప చివర పాత మేకు ఒకటి పైకి లేచి ఉందట.

"నొప్పి లేదా నీకు?"

"తెలుస్తే గదా."

ఆమె అక్కడికక్కడే కూలబడ్డారు. కూలబడింది గడప మీద. నన్ను దగ్గరికి లాక్కుని, గడపకని తెచ్చిన పసుపు గిన్నెలోంచి చేత్తో తీసి తొడ మీద అద్దడం మొదలుపెట్టారు.

"అమ్మగారూ, గడప మీద కూర్చున్నరు," అన్నాను.

"తెలుసు. నోరు మూసుకో," అన్నారు.

ఆ పసుపుతో తగ్గే గాయం కాదది. చీము పట్టింది. కంపౌండరు వచ్చి కట్లు కట్టాడు. బోర్లా పడుకోవాలి, కూర్చోకూడదు. బూత్ మూసేశాను. వానలు మొదలై ఆగిపోయేదాకా ఆ గదిలో చాప మీద బోర్లా పడుకుని ఉన్నాను. ఖమ్మంలో పైకప్పు చూశాను, ఇక్కడ గచ్చు చూశాను. రాఘవమ్మ గారు రెండు పూటలా అన్నం పెట్టి పోయేవారు. మిగతా వేళంతా నేనొక్కదాన్నే. జ్వరంలో అన్న వచ్చాడనుకుని లేవబోయేదాన్ని. రోడ్డు మీద ఎవరు దగ్గినా అన్నే అనిపించేది. కబురు పంపమంటావా అని ఆమె అడిగితే వద్దన్నాను. రాడని భయం. వస్తే, నువ్వు ఒంటరిగా ఉండలేవని నేను చెప్పలేదా అంటాడని ఇంకా భయం.

జ్వరం తగ్గాక ఒకరోజు వడ్రంగి వచ్చాడు. ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని నేను గుండె చిక్కబట్టుకుని పడుకున్నాను. రాఘవమ్మ గారు గడప చూపించి, దీన్ని దించాలి అన్నారు.

"గడప తీపిస్తరా అమ్మా? ఏ ఇంట్ల తీపియ్యరు," అన్నాడు వడ్రంగి.

"తీయమన్నానా? దించమన్నాను. గచ్చు తవ్వి, నేలకు సమంగా కూర్చోబెట్టు. పైన నున్నగా చిత్రిక పట్టు. మేకులన్నీ పీకెయ్."

గడప రెండు చివరలా కోసి, గచ్చు తవ్వి, అదే కర్రను నేలలో పాతాడు. నా బండి చక్రం దాని మీదుగా చప్పుడు లేకుండా లోపలికి వచ్చింది. తర్వాతి శుక్రవారం రాఘవమ్మ గారు ఎప్పటిలాగే వచ్చి, నేల మీదికి వంగి, ఆ కర్రకు పసుపు రాసి బొట్లు పెట్టారు. గేదె చూడి కట్టిందా అని మీరు అడగొచ్చు. కట్టలేదు. ఆమె దాన్ని అమ్మేసి ఇంకోటి కొన్నారు.

ఆ తర్వాత

బూత్ తెరిచాను. అందరి మాటలూ నా పక్క నుంచే పోతాయి. హైదరాబాద్‌లో పనికి పోయిన కొడుకులు, కాన్పుకు పోయిన కూతుళ్లు. ఎవరికో ఫోన్ వస్తే వెళ్లి పిలుచుకు రాలేను కాబట్టి రోడ్డు మీద పోయేవాళ్లను కేకేసి కబురు పంపుతాను. నాకని ఎవరూ ఫోన్ చేయరు. మొదటి ఏడాది ఫోన్ మోగినప్పుడల్లా నాకేమోననుకునేదాన్ని. తర్వాత అనుకోవడం మానేశాను.

వదిన అప్పుడప్పుడూ బస్సులో వచ్చేది. చింతపండు, కందులు, ఒకసారి బుట్టెడు సీతాఫలాలు. "మీ అన్ననే కట్టిచ్చిండు. నేనే తెచ్చిన అని చెప్పమన్నడు," అనేది. నేను తొడ గాయంతో పడి ఉన్న వానాకాలంలో అన్న ములకలపల్లి వెళ్లి చాలాసార్లు బూత్‌కు ఫోన్ చేశాడని కూడా ఆమే చెప్పింది. ఎత్తేవాళ్లు లేరు కదా.

ఒకసారి ఫోన్ ఎత్తి హలో అంటే అవతల ఎవరూ మాట్లాడలేదు. బీడీ దగ్గు వినిపించింది. ఆ దగ్గు నేను పుట్టినప్పటి నుంచీ విన్నదే.

"అన్నా, అన్నం తిన్నవా?" అన్నాను.

ఫోన్ పెట్టేశాడు.

పోయిన ఏడు, పత్తి ఏరే రోజులు

శుక్రవారం. సంతరోజు కాదు కాబట్టి మధ్యాహ్నం బూత్ మూసి గదికి వచ్చి కూర్చున్నాను. తలుపు బార్లా తీసే ఉంటుంది నాది. గుమ్మంలో వెలుగు తగ్గితే తలెత్తి చూశాను. అన్న. తల సగం నెరిసింది. భుజాన బియ్యం సంచి. హమాలీ పనికి మోకాళ్లు అరిగిపోయాయని వదిన చెప్పింది గానీ, ఇంత వంగిపోయాడని చెప్పలేదు. సంచి దించి, బయటున్న నా బండి హాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"మంచిగున్నవా?" అని అక్కడి నుంచే అడిగాడు.

"మంచిగున్న. లోపటికి రా."

కదల్లేదు. ఆయన ఎందుకు కదలడం లేదో నాకు తెలుసు.

"గడప లేదన్నా. దించిండ్రు. చూడు," అన్నాను.

అన్న వంగి చూశాడు. పొద్దున రాఘవమ్మ గారు రాసిన పసుపు మెరుస్తోంది, బొట్లు చెదరలేదు.

"పసుపున్నది గదా?"

"ఉన్నది."

"మరి లేదంటవేంది? గడపే గదా గిది."

ఇంక సంచి అక్కడ పెట్టి వెళ్లిపోతాడనుకున్నాను. అన్న కాసేపు ఆ పసుపు వైపే చూశాడు. తర్వాత చెప్పులు విడిచాడు. తలుపు చెక్క పట్టుకుని, నొప్పి మోకాలిని చేత్తో ఎత్తి, పసుపు మీద పడకుండా పాదం ఇవతల పెట్టాడు. ఆ తర్వాత రెండో పాదం కూడా అలాగే పెట్టాడు. లోపలికి వచ్చి, గోడ పట్టుకుని ఆయాసపడ్డాడు.

"తొక్కనన్న. దాటనన్ననా?" అన్నాడు.

ఈ మాట ఇన్నేళ్లు ఎందుకు తోచలేదని అడగబోయాను. నాకు నోరెక్కువ కదా. అయినా అడగలేదు. కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి అందించాను.

అన్న చెంబు అందుకున్నాడు గానీ తాగలేదు. గోడకు ఆనుకుని మెల్లగా నా ఎదురుగా కింద కూర్చుని, చెంబు మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"ముందుగాల నువ్వు తాగు," అన్నాడు.

నేను చెంబంతా తాగేదాకా నన్నే చూస్తూ కూర్చున్నాడు.